పేరు కన్నా ముందు వస్తువు: కంపెనీ పేరుతో జనం వాడుకునే సామాను చేయించడం ఎలా

దసరా, దీపావళి, కొత్త సంవత్సరం దగ్గరికొస్తే మిర్యాలగూడ రైస్ మిల్లుల నుంచి జడ్చర్ల ఫార్మా కంపెనీల దాకా, విత్తనాల షాపు నుంచి ప్రైవేటు దవాఖాన దాకా అందరూ ఏదో ఒక దాని మీద పేరు వేయించి పంచుతారు. అందులో చాలా భాగం నెల తిరక్కముందే అటకెక్కుతుంది, లేకుంటే బండి తుడిచే గుడ్డ అయిపోతుంది. దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. ముందు లోగో, ఆ తరువాత బడ్జెట్, అన్నిటికన్నా చివర్లో వస్తువు అనే వరుసలో ఆలోచిస్తారు. ఆ వరుసను తిప్పండి. "మా పేరు లేకపోయినా ఈ మనిషి దీన్ని సొంత పైసలతో కొనుక్కుంటాడా?" అని అడగండి. కొనుక్కుంటాడు అని గట్టిగా చెప్పగలిగితేనే పని మొదలుపెట్టండి.

మొదటి పని: ఎవరికి ఇస్తున్నారో రాసుకోండి

ఒక కాగితం మీద ఇవ్వాల్సిన వాళ్ల పేర్లన్నీ రాసి గుంపులుగా విడదీయండి. పక్కనే వాళ్ల రోజు ఎట్లా గడుస్తుందో ఒక్క ముక్కలో రాయండి. సాగర్ ఎడమ కాల్వ కింది వరి రైతు పొద్దున్నే పొలానికి పోతాడు, తలకు తువ్వాల చుట్టుకుంటాడు, మధ్యాహ్నం ఎండలో బండి మీద మిల్లుకో మార్కెట్‌కో వస్తాడు. పోలేపల్లి సెజ్‌లోనో చౌటుప్పల్ దిక్కో షిఫ్టు చేసే మనిషి కంపెనీ బస్సెక్కుతాడు, టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా బ్యాగులో పెట్టుకుంటాడు. డీలరు దుకాణంలో కూర్చుంటాడు, గోడ మీద తేదీ చూస్తాడు, లెక్కలు రాసుకుంటాడు. ఈ ముగ్గురికీ ఒకే పెన్ స్టాండు ఇస్తే ముగ్గురికీ అక్కరకు రాదు.

బడ్జెట్ లెక్క కూడా ఈ కాగితం మీదనే చేయండి. మీ దగ్గర అరవై వేలు ఉండి ఆరు వందల మంది ఉన్నారనుకోండి, తలకు నూరు రూపాయలు. నూరు రూపాయల టీషర్టు రెండో ఉతుకుకు మెలి తిరుగుతుంది, నూరు రూపాయల స్టీలు బాటిల్ మూత దగ్గర కారుతుంది. అదే నూటికి గట్టి గుడ్డసంచి ఒకటి కుట్టించవచ్చు. కాబట్టి నాణ్యత తగ్గించి పెద్ద వస్తువు ఇవ్వకండి, చిన్న వస్తువునే ఉన్నంతలో మేలైన రకంలో ఇవ్వండి. ఇంకో దారి కూడా ఉంది. ఏళ్లుగా వస్తున్న నూట యాభై మందికి తలకు మూడు వందల వస్తువు, మిగతా వాళ్లకు గోడ క్యాలెండరు.

రెండో పని: వస్తువును విప్పి చూడండి

మన దగ్గర నిజంగా వాడుకలో నిలిచేవి ఐదారే. వాటిలో మొదటిది సంచి.

అంగడికి పట్టుకుపోయే సంచి అనుకుంటే కొలత 14 అంగుళాల వెడల్పు, 16 అంగుళాల ఎత్తు. అడుగున 5 అంగుళాల పట్టీ తప్పకుండా ఉండాలి. అడుగు పట్టీ లేని సంచిలో సొరకాయ నిలబడదు, టమాటలు కింద నలుగుతాయి. గుడ్డ 270 నుంచి 340 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందో ఆ లెక్క) కాన్వాస్ తీసుకోండి. చెవులు ఒక్కొక్కటి 26 అంగుళాల పొడవు, ఒకటింపావు అంగుళం వెడల్పు ఉంటే భుజానికి తగిలించుకోవచ్చు, స్కూటీ హుక్కుకూ పట్టిస్తుంది. చెవి కుట్టిన చోట చూడండి. చదరంగా కుట్టి, మధ్యలో అడ్డంగా ఇంటూ గుర్తులా కుట్టు పడాలి. ఒక్క వరస కుట్టుతో వదిలేస్తే పది కిలోలకే ఊడుతుంది. సంచులు తిరిగొచ్చేది గుడ్డ చిరిగి కాదు, ఈ చెవులు ఊడే. తెల్లటి ముడిగుడ్డ ఫొటోలో అందంగా కనిపిస్తుంది కానీ రెండు అంగళ్లకే మాసిపోతుంది. ముదురు నీలం, ఆకుపచ్చ, ఇటుక రంగు ఎక్కువ కాలం వాడుకుంటారు.

సంచి మీద దేవుడి బొమ్మ వేయించొద్దు. ఆదివారం నాడు మటన్‌కు ఆ సంచి పట్టుకుపోలేరు, చెప్పుల జత అందులో పెట్టలేరు, పారేయడానికీ చెయ్యి రాదు. చివరికి మడిచి బీరువాలో పెట్టేస్తారు. ఓనరు ఫొటో సంగతీ అంతే, మనిషి మొహం ఉన్న సంచిని పట్టుకుని బజారులో తిరగడానికి ఎవరికీ మనసొప్పదు.

తువ్వాల రైతుకిచ్చే వాటిలో అన్నిటికన్నా మంచిది. 30 అంగుళాల వెడల్పు, 60 అంగుళాల పొడవు, పలుచటి నూలు నేత ఉండాలి. దళసరి టర్కీ టవల్ తలకు చుట్టుకోలేరు, తొందరగా ఆరదు కూడా. రంగు దగ్గర మాత్రం మన నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో చాలా జాగ్రత్త కావాలి. గులాబీ, కాషాయం, ఎరుపు, పసుపు, మూడు రంగులు ఏది వేసినా పార్టీ కండువా అనుకుంటారు. ఎన్నికలు ఉన్నా లేకపోయినా అది మెడలో వేసుకుని ఊళ్లో తిరగాలంటే జనం జంకుతారు. తెల్ల నేల మీద నీలం గళ్లు, బూడిద, మట్టి రంగు అయితే ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కొంచెం ఖర్చు పెట్టగలిగితే మన చేనేత మన పక్కనే ఉంది. పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. పోచంపల్లి ఇక్కత్ గుడ్డతో ల్యాప్‌టాప్ సంచి, డైరీ అట్ట, దస్తీ చేయించవచ్చు. కోయలగూడెం ఇక్కత్ దుప్పట్లు పెద్ద కస్టమర్లకు ఇవ్వడానికి బాగుంటాయి. ఏళ్ల తరబడి పనిచేసిన మహిళా ఉద్యోగులకైతే నారాయణపేట చీర పెట్టండి, ఇంకేదీ దానికి సాటి రాదు. చేనేతలో మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, సహకార సంఘం నుంచి గానీ నేసేవాళ్ల నుంచి గానీ నేరుగా తీసుకోండి. ఇక్కత్ డిజైన్‌ను మిల్లు గుడ్డ మీద అచ్చు వేసి అమ్మేవాళ్లున్నారు. గుడ్డ తిప్పి చూస్తే తెలిసిపోతుంది. ఇక్కత్‌లో నూలుకే ముందు రంగు అద్ది తరువాత నేస్తారు కాబట్టి రెండు వైపులా రంగు ఒకే తీరుగా ఉంటుంది, డిజైన్ అంచులు కొద్దిగా చెదిరినట్టు కనిపిస్తాయి. అచ్చు గుడ్డ వెనక వెలిసినట్టు ఉంటుంది. రెండు, నేత మీద లోగో ప్రింటు వేయకండి, మూలన చిన్న నేత లేబుల్ కుట్టించండి. మూడు, దసరాకు కావాలంటే ఆషాఢంలోనే ఆర్డరు చెప్పండి. చిటికి కట్టడం (రంగు పట్టకూడని చోట నూలును బిగించి కట్టడం), రంగు అద్దడం, పడుగు సిద్ధం చేయడం అయ్యాక గానీ నేత మొదలుకాదు. వానాకాలంలో రంగులు ఆరడానికి ఇంకా ఆలస్యమవుతుంది.

టీషర్టుల్లో గుండ్రటి మెడది 180 నుంచి 200 జీఎస్ఎం, కాలర్‌ది 220 జీఎస్ఎం అడగండి. నల్గొండ ఎండల్లో పూర్తి పాలిస్టర్ టీషర్టు ఒంటికి అంటుకుపోతుంది, చెమట వాసన ఉతికినా పోదు. పూర్తి నూలుది, లేదా నూలు పాలు ఎక్కువున్నది తీసుకోండి. సైజులు అంచనా వేసి ఆర్డరు పెట్టేస్తే సగం మందికి సరిపోవు. పేరు పక్కన సైజు రాయించుకోండి, అందులోనూ ఎం, ఎల్ అని కాకుండా ఛాతీ కొలత అంగుళాల్లో. ఒక తయారీదారు ఎల్ 40 అంటే, ఇంకొకరి ఎల్ 42 ఉంటుంది. ఆడవాళ్లలో చాలామంది టీషర్టు వేసుకోరు. ఆ సంగతి ముందే అడిగి, అదే ఖరీదులో వాళ్లకు చున్నీయో సంచియో ఎంచుకునే వీలు ఇవ్వండి.

స్టీలు బాటిల్ ఇచ్చేటట్టయితే ఒక లీటరుది, మూతి వెడల్పుగా ఉన్నది చూడండి. మూతి ఇరుకైతే లోపల చెయ్యి పెట్టి తోమలేరు, ఐసు ముక్క పట్టదు. స్టీలు 304 రకం ఉండాలి. అయస్కాంతం అంటుకోకపోతే 304 అని దుకాణాల్లో చెప్తారు, అది నమ్మకండి. చవకైన 201, 202 రకాలకూ అయస్కాంతం అంటుకోదు. ఐఎస్ఐ మార్కు, బిల్లు మీద రకం రాయించుకోవడం, ఈ రెండే మీకు ఆధారం. ఏళ్ల తరబడి ఫ్లోరైడ్ నీళ్లతో బాధపడ్డ ప్రాంతం మనది, తాగే నీళ్లు పట్టే పాత్ర విషయంలో జనం పట్టింపుగా ఉంటారు. వాసన వచ్చే రబ్బరు వాషరున్న బాటిల్‌ను రెండో రోజే పక్కన పెడతారు.

గోడ క్యాలెండరు మీద కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఏడాదంతా కళ్ల ముందుండేది అదొక్కటే. ఇంట్లో క్యాలెండరు మేకు సాధారణంగా ఒకటే ఉంటుంది. ముందొచ్చిన క్యాలెండరు దానికి వేలాడుతుంది, తరువాత వచ్చినవి పుస్తకాలకు అట్టలవుతాయి. అందుకే డిసెంబరు రెండో వారానికల్లా ఇళ్లకు చేరాలి. దానికి వినాయక చవితి దాటగానే డిజైన్ మొదలుపెట్టాలి. కాగితం మెరిసేది వద్దు. గడిలో పాల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ, కూలీ హాజరు రాసుకుంటారు. మెరిసే ఆర్ట్ పేపరు మీద బాల్ పెన్ను జారుతుంది, సిరా అలుక్కుపోతుంది. 80 లేదా 90 జీఎస్ఎం మ్యాప్‌లితో (మెరుపు లేని మామూలు తెల్ల కాగితం) మీద హాయిగా రాస్తారు. ప్రూఫ్ వచ్చినప్పుడు ఒక గడిలో పెన్నుతో రాసి, వెంటనే వేలితో రుద్ది చూడండి.

గడి కనీసం ఒకటిన్నర అంగుళం ఉండాలి. అంకె పెద్దగా, కింద తిథి, నక్షత్రం చిన్నగా, రాసుకోవడానికి సగం ఖాళీ. రాహుకాలం, వర్జ్యం మీరు సొంతంగా లెక్కగట్టొద్దు, పంచాంగం నుంచి తీసుకుని ఒక సిద్ధాంతికి చూపించండి. ఒక్క పండగ తేదీ తప్పు పడ్డా ఆ క్యాలెండరును ఇక ఎవరూ నమ్మరు. బయటి క్యాలెండర్లలో దొరకనిది ఒకటి మీరు చేర్చవచ్చు. మీ మండలం అంగడి ఏ వారమో ఆ గడిలో చిన్న సంచి గుర్తు పెట్టండి. కురుమూర్తి జాతర, చెర్వుగట్టు జాతర, రెండేళ్లకోసారి వచ్చే పెద్దగట్టు జాతర, మీ దగ్గరి దర్గా ఉర్సు, పీర్ల పండుగ రోజులు వేయండి. జాతర తేదీలు ఆలయం నుంచి ఖాయం చేసుకున్నాకే అచ్చుకు పంపండి. మీ పేరు ప్రతి పేజీ అడుగున ఒక్క పట్టీలో చాలు. పన్నెండు పేజీలకూ మీ మిల్లు ఫొటోయే వేస్తే ఆ మేకు పక్కింటి క్యాలెండరుకు పోతుంది.

మూడో పని: పేరు ఎక్కడ, ఎంత

టీషర్టుకు ఎడమ ఛాతీ మీద 3 అంగుళాల వెడల్పు. సంచికి కింది మూలన 4 అంగుళాలు. బాటిల్‌కు అడుగు దగ్గర నిలువుగా. వీపు నిండా ఫోన్ నంబరు వేస్తే వేసుకున్న మనిషి నడిచే బోర్డు అవుతాడు. అది ఇంట్లో పడుకునేటప్పుడే వేసుకుంటాడు, మీ నంబరు చూసేవాళ్లు ఉండరు. సంవత్సరం, "పదో వార్షికోత్సవం" లాంటి మాటలు వద్దు, వచ్చే ఏటికి ఆ వస్తువు పాతదైపోతుంది. గుడ్డ రంగుకు దగ్గరి రంగులోనే పేరు వేయిస్తే చూడ్డానికి పెద్ద కంపెనీ వస్తువులా ఉంటుంది, బయటికి వేసుకుపోతారు.

తెలుగులో పేరు వేయించేవాళ్లకు రెండు చిక్కులు. మన ప్రెస్సుల్లో అను ఫాంట్లలో టైపు చేస్తారు. ఆ ఫైలు తిరుప్పూర్‌లోనో హైదరాబాద్‌లోనో ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే అక్షరాలు పిచ్చి గుర్తులైపోతాయి, లేదంటే ఒత్తు ఒక దిక్కు, దీర్ఘం ఒక దిక్కు పోతాయి. కాబట్టి డిజైన్ చేసే కోరల్‌డ్రా సాఫ్ట్‌వేర్‌లో అక్షరాలన్నిటినీ కర్వ్స్‌లోకి, అంటే ఫాంటుతో పనిలేని గీతల్లోకి మార్పించి, పక్కన పీడీఎఫ్ కూడా తీసుకుని రెండూ పంపండి. వాట్సాప్‌లో వచ్చిన లోగో ఫొటో ప్రింటుకు పనికిరాదు, పెద్దది చేస్తే అంచులు గళ్లుగళ్లుగా కనిపిస్తాయి. రెండో చిక్కు ఎంబ్రాయిడరీలో వస్తుంది. ఇంగ్లిష్ పెద్దక్షరం 5 మిల్లీమీటర్ల ఎత్తున్నా చదవొస్తుంది. తెలుగులో "క్ష", "ద్ధ", "స్త్ర" అంత చిన్నగా కుడితే సున్నాలు పూడుకుపోయి దారం ముద్ద మిగులుతుంది. తెలుగు అక్షరం ఒత్తు కాకుండా 10 మిల్లీమీటర్ల ఎత్తు పెట్టండి. అంత చోటు లేకపోతే తెలుగు పేరును ప్రింటులో వేయించి, గుర్తును మాత్రమే కుట్టించండి.

ప్రింటు పద్ధతి వస్తువును బట్టి మారుతుంది. నూలు గుడ్డ మీద యాభైకి పైగా వేయాలంటే స్క్రీన్ ప్రింటు. ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి కాబట్టి రెండు రంగులతో సరిపెట్టుకోండి, ఖర్చూ తగ్గుతుంది, చూపూ బాగుంటుంది. పదీ ఇరవై కావాలంటే డీటీఎఫ్ (ఫిల్మ్ మీద అచ్చు వేసి వేడితో గుడ్డకు అంటించడం), కానీ పెద్ద పట్టీ వేస్తే దాని కింద గాలాడక చెమట పడుతుంది. సబ్లిమేషన్ (వేడితో రంగును ఆవిరి చేసి గుడ్డలోకి ఎక్కించడం) పాలిస్టర్ మీదే పడుతుంది, నూలు మీద వేస్తామని ఎవరైనా అంటే ఆ షాపు వదిలేయండి. టర్కీ టవల్ పోగుల మీద ప్రింటు నిలవదు, కుట్టించాల్సిందే. స్టీలు మీద లేజర్‌తో చెక్కించండి, పైన వేసిన ప్రింటు పీచుతో తోమితే నెలలోనే పోతుంది.

నాలుగో పని: శాంపిల్‌ను కష్టపెట్టండి

డబ్బు కట్టే ముందు అసలు గుడ్డ మీద, అసలు ప్రింటుతో ఒక్కటి చేయించి తెప్పించుకోండి. కంప్యూటర్ బొమ్మ చూసి ఊ అనొద్దు.

జీఎస్ఎం చూడ్డానికి మిషను అక్కర్లేదు. గుడ్డను 10 సెంటీమీటర్లకు 10 సెంటీమీటర్లు ముక్క కత్తిరించి, బంగారం దుకాణంలో తూకం వేయించండి. 1.8 గ్రాములొస్తే 180 జీఎస్ఎం. 1.5 వస్తే మీకు చెప్పింది అబద్ధం. ఉతికితే ఎంత కుదించుకుపోతుందో చూడ్డానికి గుడ్డ మీద 50 సెంటీమీటర్ల గీత మార్కు పెన్నుతో గీసి, మామూలు సర్ఫుతో ఉతికి ఎండలో ఆరేసి కొలవండి. 47 సెంటీమీటర్లయిందంటే ఆరు శాతం కుదించుకుపోయింది, ఆ గుడ్డ వద్దు. తెల్ల దస్తీని తడిపి రంగు గుడ్డ మీద ఇరవై సార్లు రుద్దండి, రంగు దిగితే వద్దు. ప్రింటును రెండు చేతులతో లాగండి. పగిలినట్టు కనిపిస్తే సిరా సరిగా కాగలేదన్నమాట. స్క్రీన్ ప్రింటులో వాడే ప్లాస్టిసాల్ సిరాకు పొర అడుగుదాకా 160 డిగ్రీల వేడి తగలాలి, తొందరలో ఆరబెట్టే మిషను బెల్టు వేగం పెంచితే పైపైనే ఆరుతుంది. ఇట్లాంటి ప్రింటు మొదటి ఉతుకు తట్టుకున్నా ఐదోదానికి రాలుతుంది. అందుకే ఒక్కసారి కాదు, ఐదుసార్లు ఉతకండి.

సంచిలో పది కిలోల బియ్యం పోసి ఒక రాత్రి కొక్కేనికి వేలాడదీయండి. బాటిల్ నింపి, తలకిందులుగా పేపరు మీద తెల్లార్లూ పెట్టండి. వేడి నిలిపే బాటిల్ అయితే మరిగే నీళ్లు పోసి పది నిమిషాల తరువాత బయట చెయ్యి పెట్టండి. వెచ్చగా తగిలితే లోపలి వాక్యూమ్ పోయినట్టే. ఆ తరువాత శాంపిల్‌ను వాడబోయే మనిషికే పది రోజులు ఇచ్చి ఊరుకోండి. ఇంట్లో ఎక్కడ పెట్టాడో, ఎన్నిసార్లు తీశాడో చూడండి, "బాగుందా" అని అడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు.

ఐదో పని: ఆర్డరు కాగితం

నోటిమాట మీద వదలకండి. గుడ్డ రకం, జీఎస్ఎం, రంగు, కొలతలు, ప్రింటు వెడల్పు మిల్లీమీటర్లలో, మెడ కుట్టు నుంచి ఎంత కిందికి, సంఖ్య, ఇచ్చే తేదీ అన్నీ రాయించండి. రంగును ఫోనులో చూసి చెప్పొద్దు, ఒక్కో ఫోనులో ఒక్కో తీరుగా కనిపిస్తుంది. ప్యాంటోన్ నంబరు (ప్రింటు వాళ్లంతా వాడే రంగుల పట్టికలోని నంబరు) రాయండి, లేదా గుడ్డ ముక్క పిన్ను చేయండి. ఖాయం చేసిన శాంపిల్ మీద ఇద్దరూ సంతకం పెట్టి ఒకటి మీ దగ్గర ఉంచుకోండి. సగం అడ్వాన్సు, మిగతాది సరుకు చూసుకున్నాక. నూటికి ఐదు అదనంగా చెప్పండి, సైజు మార్పులకు అవే అక్కరకొస్తాయి. సరుకు దిగిన రోజే ఒక్కో పెట్టె అడుగు నుంచి రెండేసి తీసి చూడండి, పైవరస ఎప్పుడూ బాగానే ఉంటుంది.

చట్టం సంగతి కొంచెం. 60 జీఎస్ఎం లోపు నాన్‌వోవెన్ (గుడ్డలా కనిపించే, నేయని ప్లాస్టిక్) సంచులు, 120 మైక్రాన్ల లోపు ప్లాస్టిక్ సంచులు దేశమంతా నిషేధం. చవకగా దొరుకుతున్నాయని పేరు వేయిస్తే ఆ నిషేధపు సరుకు మీద ఉండేది మీ పేరే. ఉచితంగా ఇచ్చే కానుకల మీద కట్టిన జీఎస్టీకి ఇన్‌పుట్ క్రెడిట్ (మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపు) రాదు, బడ్జెట్ వేసేటప్పుడే పన్ను కలిపి లెక్కేయండి. ఒక డీలరుకు ఏడాదిలో ఇచ్చిన వాటి విలువ 20 వేలు దాటితే 2022 జూలై నుంచి 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందు పన్ను కట్టడం) నిబంధన ఉంది. మీకు వర్తిస్తుందో లేదో మీ ఆడిటరుతో మాట్లాడండి. సినిమా హీరో ఫొటో, వేరే కంపెనీ గుర్తు అనుమతి లేకుండా వేయకూడదు.

ఆరో పని: చేతికివ్వడం

కౌంటరు మీద కుప్ప పోసి "తీసుకోండి" అంటే దాని విలువ అక్కడే పోతుంది. జాబితా ప్రకారం పిలిచి, సైజు అడిగి, చేతికివ్వండి. అన్నీ ఒకేసారి పంచేయకుండా మొదట ముప్పై మందికి ఇచ్చి నెల ఆగండి. మిల్లుకు వచ్చిన రైతు భుజం మీద మీ తువ్వాల ఉందా, షిఫ్టు బస్సు దిగేవాళ్ల చేతుల్లో మీ బాటిల్ ఉందా, అంగడిలో మీ సంచి ఎన్నిసార్లు కనబడింది అని గేటు దగ్గర మనిషిని లెక్కపెట్టమనండి. ముప్పైలో పది కూడా కనబడకపోతే మిగతావి పంచొద్దు. ఎందుకు వాడట్లేదో ఐదుగురిని అడిగితే చెవి పొట్టిదనో, మూత బిగుసుకుపోతుందనో, రంగు నచ్చలేదనో ఒకే మాట నలుగురు చెప్తారు. ఆ మాట ఆర్డరు కాగితం మీదనే రాసి, సంతకం పెట్టిన శాంపిల్‌కు పిన్ను చేసి ఉంచండి. వచ్చే ఏడు తయారీదారుతో మాట్లాడేటప్పుడు అదే బల్ల మీద పెట్టాలి.